సొంత సినిమాకి సొంత రీరికార్డింగ్: డైరెక్షన్, సంగీతం ఒకరే చేస్తే పని ఎలా నడపాలి?

తొలిరీలు (ప్రశ్న అడిగినవారు; జవాబులిచ్చినవారి పేర్లు కింద):

95 నిమిషాల ఫీచర్. స్క్రిప్ట్ పూర్తయింది, షూటింగ్‌కి ఇంకా మూడు నెలలుంది. దర్శకత్వం, సంగీతం రెండూ ఒక్కరే చేయాలన్నది నిర్ణయం. చేతిలో ఉన్నవి ఒక కంప్యూటర్, 61 కీల కీబోర్డ్, ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు మానిటర్ స్పీకర్లు. వాయించడానికి ముగ్గురున్నారు: వయొలిన్, ఫ్లూట్, గిటార్. విడిగా పాటలు లేవు. ఒక్క సీన్‌లో మాత్రం ఒక పాత్ర కెమెరా ముందే పాడుతుంది, వెనక నలుగురు ఆడతారు, మధ్యలో డైలాగులూ ఉన్నాయి.

తెలియాల్సినవి ఇవి. సంగీతం పని ఎప్పుడు మొదలుపెట్టాలి? మొత్తం మీద ఎన్ని నిమిషాల మ్యూజిక్ సరిపోతుంది? ఎడిటింగ్ ఖరారు (లాక్) అయ్యాక మళ్లీ ఎడిట్ మారితే కట్టిన ట్యూన్ ఏమవుతుంది? మిక్సింగ్ ఇంజనీర్‌కి ఏ రూపంలో ఇవ్వాలి? నిర్మాత "సంగీతం హక్కులన్నీ సినిమాతోపాటే రాసివ్వాలి" అంటున్నారు, ఒప్పుకోవచ్చా? ఈ సినిమా తర్వాత కూడా రెండు పనులూ సాగాలన్నది ఆశ. లెక్కలతో సహా చెబితే మేలు.

కట్‌పాయింట్:

సంగీతం ఇప్పుడే మొదలుపెట్టండి, కానీ సీన్లకు కాదు. స్క్రిప్ట్ మీద పని చేస్తూ మూడు నాలుగు బాణీలు కట్టుకోండి. ఒక్కోటి ఎనిమిది నుంచి పదహారు బార్లు (తాళం ఆవర్తాలు) చాలు. ప్రతి బాణీని మూడు రకాలుగా రికార్డ్ చేసి పెట్టుకోండి: ఒంటి వాయిద్యం మీద, ప్యాడ్ (సాగే సింథ్ స్వరాలు) మీద, రిథమ్‌తో. రెండు నిమిషాల చొప్పున తొమ్మిది నుంచి పన్నెండు ముక్కలు తయారవుతాయి. ఎడిటింగ్ టేబుల్ మీద తాత్కాలికంగా వేసుకునే టెంప్ మ్యూజిక్‌గా ఇవే పడాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. టెంప్‌గా వేరే సినిమా బీజీఎం వేసి నెల రోజులు కట్ చేస్తే, ఆ సీన్ లయ ఆ మ్యూజిక్ టెంపోకి అతుక్కుపోతుంది. తర్వాత మీరు ఏం కట్టినా దానికి నకలులాగే వస్తుంది, లేదా కట్ బాగోలేదనిపిస్తుంది. దర్శకుడే సంగీతం చేస్తే వచ్చే అసలు లాభం ఇక్కడే ఉంది. బాణీ ముందే ఉంటుంది కాబట్టి షాట్ పొడవు, నటుడి నడక, సీన్ మధ్యలో వదిలే నిశ్శబ్దం దాన్ని లెక్కలోకి తీసుకునే రూపుదిద్దుకుంటాయి. లాక్ అయ్యాక వచ్చే సంగీత దర్శకుడికి ఆ వెసులుబాటు ఉండదు. మూడు నెలలూ స్టోరీబోర్డుకే ఇచ్చేసి సంగీతాన్ని చివరికి తోస్తే, రెండూ ఒకరే చేసి మిగిలేది ఖర్చు తగ్గడం ఒక్కటే.

అయితే మొదటి పూర్తి కట్‌ని ఒకసారి మ్యూజిక్ అసలు లేకుండా చూడాలి. టెంప్ ట్రాక్ మొత్తం మ్యూట్ చేసి, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా. లాగ్ అనిపించిన ప్రతి చోటా టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము లెక్క) రాసుకోండి. ఆ చోట్లని ముందు ఎడిటింగ్‌లో సరిచేయాలి, సంగీతంతో కాదు. రెండు పనులూ చేసేవాళ్లకి ఉండే పెద్ద ప్రమాదం ఇదే: బలహీనమైన సీన్ కనిపించగానే చేయి కీబోర్డ్ మీదికి వెళ్తుంది.

ఎంత మ్యూజిక్ అంటే, డైలాగ్ ఎక్కువున్న 95 నిమిషాల కథకి 25 నుంచి 35 నిమిషాలు బాగా సరిపోతుంది. ఒంటరిగా పని చేసేవాళ్లు రోజుకి నిమిషం, నిమిషంన్నర పూర్తయిన మ్యూజిక్ తీయగలిగితే మంచి వేగం. 30 నిమిషాలకి పాతిక రోజులు కంపోజింగ్‌కి, ఐదారు రోజులు లైవ్ వాద్యాలకి, ఇంకో వారం మార్పులకి వేసుకోండి. ఎడిటింగ్‌కీ దీనికీ మధ్య పది రోజులైనా ఖాళీ ఉంచండి. ఆ పది రోజులు కట్ చూడకపోతేనే సినిమాని కొత్త చెవితో వినగలుగుతారు.

ఇక టెక్నికల్. ఎడిటర్ దగ్గర్నుంచి వీడియో తీసుకునేటప్పుడు టైమ్‌కోడ్ బొమ్మ మీదే కనిపించేలా ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండాలి. ఆడియోలో డైలాగ్ ఎడమ ఛానెల్‌లో, టెంప్ కుడి ఛానెల్‌లో విడిగా రావాలి. అప్పుడు టెంప్ ఆపేసి డైలాగ్ మీదే పని చేసుకోవచ్చు. సినిమాని ఇరవై నిమిషాల రీళ్లుగా విడగొట్టండి. మొదటి రీలు 01:00:00:00 దగ్గర, రెండోది 02:00:00:00 దగ్గర మొదలవ్వాలి. ప్రతి రీలు మొదటి ఫ్రేమ్‌కి సరిగ్గా రెండు సెకన్ల ముందు, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 48 ఫ్రేముల ముందు, ఒక్క ఫ్రేము నిడివి ఒక కిలోహెర్ట్జ్ బీప్ పెట్టించండి. దీన్నే టూ పాప్ అంటారు. మీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఆ బీప్, బొమ్మ మీది టైమ్‌కోడ్, ప్రాజెక్ట్ టైమ్‌కోడ్ మూడూ కలిశాకే తొలి నోటు వాయించండి.

ఫ్రేమ్ రేట్ 24, 23.976 దగ్గర చాలామంది దెబ్బతింటారు. తేడా వెయ్యికి ఒకటే. 40 సెకన్ల ముక్కలో అది ఒక్క ఫ్రేము, ఎవరికీ కనపడదు. అందుకే కంపోజ్ చేస్తున్నంతసేపూ అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. 95 నిమిషాల ట్రాక్ ఒకటిగా ఇచ్చిన రోజు, చివరికి వచ్చేసరికి 5.7 సెకన్లు జరిగిపోయి ఉంటుంది. కెమెరా సెట్టింగ్ ఏంటో షూటింగ్ మొదటి రోజే కాగితం మీద రాసి, ఎడిటర్‌కీ, సౌండ్ రికార్డిస్ట్‌కీ, మిక్సర్‌కీ అదే కాగితం పంపండి. ఆడియో మొత్తం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. పాత ప్రాజెక్టుల్లోని 44.1 ఫైల్‌ని మార్చకుండా నేరుగా 48గా చదివిస్తే దాదాపు 9 శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి కూడా సుమారు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది.

శ్రుతిపెట్టె:

పైవారు చెప్పిన దానికి టెంపో లెక్క కలుపుతాను. ఎడిట్ మారితే ఏం చేయాలన్న ప్రశ్నకీ జవాబు ఇందులోనే ఉంది.

సెకనుకి 24 ఫ్రేములైతే, 1440ని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో) భాగిస్తే ఒక బీటుకి ఎన్ని ఫ్రేములో వస్తుంది. 120 అయితే 12 ఫ్రేములు, 96 అయితే 15, 90 అయితే 16, 72 అయితే 20, 60 అయితే 24. ఇలా పూర్ణసంఖ్య వచ్చే టెంపోలు ఎడిటర్‌తో మాట్లాడేటప్పుడు సుఖంగా ఉంటాయి. కట్‌ని సరిగ్గా బీటు మీద పెట్టొచ్చు.

ఒక సీన్ తీసుకుందాం. ఆమె ఉత్తరం చదవడం మొదలుపెట్టిన చోట మ్యూజిక్ మొదలవ్వాలి, 38 సెకన్లకి తలుపు మూసుకున్నప్పుడు బార్ మొదటి బీటు పడాలి. మనసులో ఉన్న టెంపో 82 చుట్టుపక్కల. 38 సెకన్లలో 82 చొప్పున 51.9 బీట్లు. దగ్గరి పూర్తి సంఖ్య 52, అంటే నాలుగు బీట్ల బార్లు 13. ఇప్పుడు 52 × 60 ÷ 38 చేస్తే 82.1 వస్తుంది. టెంపో అదే పెట్టండి, పద్నాలుగో బార్ మొదటి బీటు తలుపు మీద పడుతుంది.

లాక్ అయ్యాక ఎడిటర్ ఆ సీన్‌లో 14 ఫ్రేములు తీసేశారనుకోండి. 14 ఫ్రేములంటే 0.583 సెకను, కొత్త నిడివి 37.417. ఈ టెంపోలో ఒక బీటు పదిహేడున్నర ఫ్రేములు, కాబట్టి ఒక బీటు పూర్తిగా తీసేస్తే మూడున్నర ఫ్రేములు ఎక్కువ తగ్గుతుంది. ఒక బార్‌ని మూడు బీట్లదిగా మార్చి 51 బీట్లు చేయండి. 51 × 60 ÷ 37.417 అంటే 81.8. టెంపోలో 0.3 తేడా ఏ చెవికీ తెలియదు. ఆ మూడు బీట్ల బార్‌ని ఎక్కడ పెట్టాలన్నదే మీ విద్య: బాణీ ఊపిరి తీసుకునే చోట, వాక్యం ముగిసి ఇంకోటి ఎత్తుకునే ముందు పెడితే అది తాళం తప్పినట్టు కాకుండా ఆగి చూసినట్టు వినిపిస్తుంది.

కీబోర్డ్ ట్రాకులకి ఇది ఐదు నిమిషాల పని. లైవ్ వయొలిన్ అప్పటికే రికార్డ్ అయి ఉంటే మాత్రం కష్టం. అందుకని లైవ్ వాద్యాలు ఆఖర్న రికార్డ్ చేయండి. రికార్డ్ చేసేటప్పుడు కూడా పొడవాటి ముక్కని రెండు మూడు భాగాలుగా, ఒక భాగం చివరి స్వరం పూర్తిగా మోగి ఆరిపోయేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టించండి. ఆ తోకలు ఉంటే తర్వాత ఎక్కడైనా కత్తిరించి ఒకదాని మీద ఒకటి వేసుకోవచ్చు.

ఇంకో మాట. ప్రతి కట్‌కీ బీటు కొట్టకండి. కట్ అయిన రెండు నుంచి ఆరు ఫ్రేముల తర్వాత స్వరం పడితే, బొమ్మని చూసి సంగీతం స్పందించినట్టుంటుంది. సరిగ్గా కట్ మీదే పడితే సంగీతం బొమ్మని తోస్తున్నట్టుంటుంది. రెండూ కావాల్సిన చోట్లున్నాయి, కానీ రెండోది సినిమా మొత్తంలో నాలుగైదుసార్లు మించితే పలచనైపోతుంది.

కెమెరా ముందు పాడే సీన్ గురించి: ఆ ట్రాక్ షూటింగ్‌కి ముందే, చివరి టెంపోలో, చివరి శ్రుతిలో సిద్ధం కావాలి. ముందు రెండు బార్ల కౌంట్ ఉండాలి. పాడే నటికి చెవిలో దాగే చిన్న ఇయర్‌పీస్ ఇచ్చి మ్యూజిక్ దానిలోకే పంపితే, సెట్లో ఆమె గొంతు ఒక్కటే శుభ్రంగా రికార్డ్ అవుతుంది. వెనక ఆడేవాళ్లకి లయ కావాలి, కానీ స్పీకర్లో పాట మోగితే డైలాగ్ పోతుంది. అక్కడ థంపర్ వాడతారు. 40 హెర్ట్జ్ దగ్గర ఒక్క దెబ్బ, బీటుకొకటి, సబ్‌ఊఫర్ నుంచి. నేల ద్వారా వాళ్లకి అందుతుంది. మైకుల్లో పడ్డదాన్ని తర్వాత 80 హెర్ట్జ్ కింద ఫిల్టర్ చేస్తే డైలాగ్‌కి నష్టం లేకుండా పోతుంది. సబ్‌ఊఫర్ మీద వదులుగా ఉన్న వస్తువు ఏదైనా గిలకొడితే ఆ చప్పుడు పై ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, ఫిల్టర్‌కి దొరకదు. టేక్‌కి ముందు ఒకసారి హెడ్‌ఫోన్‌లో విని చూసుకోండి.

మిక్స్‌గది:

ఇంజనీర్‌కి ఇవ్వాల్సింది ఒక స్టీరియో ఫైల్ కాదు, స్టెమ్స్, అంటే వాద్యాల వారీగా విడివిడి ఫైళ్లు. మీ సెటప్‌కి ఆరు సరిపోతాయి: రిథమ్, బేస్, ప్యాడ్స్-సింథ్, వయొలిన్, ఫ్లూట్, గిటార్. గొంతు ఉంటే ఏడోది. ప్రతి స్టెమ్ రీలు మొదటి నుంచి ఒకే నిడివిలో, టూ పాప్‌తో ఉండాలి. ముక్కలకి పేర్లు 1ఎమ్1, 1ఎమ్2 అని పెట్టండి. మొదటి అంకె రీలు, రెండోది ఆ రీల్లో వరుస. మార్పు జరిగితే చివర వి2, వి3 చేర్చండి, తేదీలు వద్దు.

స్టెమ్స్ తీసేటప్పుడు మాస్టర్ ఛానెల్ మీద లిమిటర్, కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గుల్ని అణిచే ఎఫెక్టులు) ఉండకూడదు. అవి అన్ని వాద్యాలూ కలిసినప్పుడు ఒకలా, విడివిడిగా ఒకలా పనిచేస్తాయి. స్టెమ్స్ తిరిగి కలిపితే మీరు ఇంట్లో విన్న మిక్స్ రాదు. పరీక్ష సులువు: స్టెమ్స్ అన్నీ కలిపి, మీ స్టీరియో మిక్స్‌ని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) దాని మీద వేయండి. నిశ్శబ్దం రావాలి. ఏదైనా వినిపిస్తే ఎక్కడో ఒక ఎఫెక్ట్ మాస్టర్ మీద మిగిలిందన్నమాట. ప్రతిసారీ కొంచెం మారే కోరస్ లాంటి ఎఫెక్టులు, కొన్ని రివర్బులు ఉంటే మాత్రం సన్నగా ఏదో మిగులుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. రివర్బ్ ఏ వాద్యానిది ఆ స్టెమ్‌లోనే ఉండాలి. పీకులు మైనస్ 6 డీబీ దగ్గర ఆగితే చాలు.

లెవెల్స్ గురించి. దర్శకుడే సంగీతం చేసిన సినిమాల్లో మ్యూజిక్ పైకి వచ్చేస్తుంది. కారణం ఒకటే: ఆ మనిషికి ప్రతి డైలాగూ కంఠతా వచ్చు, వినపడకపోయినా వినపడ్డట్టే ఉంటుంది. మిక్స్ రోజున స్క్రిప్ట్ చదవని ఒక మనిషిని కూర్చోబెట్టి, ఒక రీలు ఒక్కసారే వినిపించి, అర్థం కాని మాటల దగ్గర చేయెత్తమనండి. చేయి లేచిన ప్రతి చోటా మ్యూజిక్ దించండి, వాదించకండి.

తెలుగు డైలాగ్‌కి ఇంకో చిక్కుంది. మన వాక్యంలో అవుననడం, కాదనడం చివరి క్రియలో ఉంటుంది. "చెప్పాను", "చెప్పను" మధ్య తేడా ఒక్క దీర్ఘం. నటులు సహజంగా మాట్లాడితే వాక్యం చివర్న గొంతు తగ్గుతుంది. సరిగ్గా అక్కడే తీగలు ఉబికితే అర్థమే తలకిందులవుతుంది. కాబట్టి ఉబుకు ఎప్పుడూ క్రియ పూర్తయ్యాక, పది పన్నెండు ఫ్రేములు ఆగి మొదలవ్వాలి. ఇది మిక్సింగ్‌లో ఫేడర్‌తో సరిచేసేది కాదు, కంపోజింగ్‌లోనే చేసుకోవాలి.

ఏ వాద్యం ఎక్కడ అన్నదీ అంతే. వయొలిన్ పాశ్చాత్య శ్రుతిలో ఉంటే కింది రెండు తీగలు 196, 293 హెర్ట్జ్. ఆడగొంతు మాట్లాడేదీ ఆ చుట్టుపక్కలే. ఆమె మాట్లాడుతుండగా ఆ తీగల మీద సాగదీసిన స్వరాలు గొంతుని కమ్మేస్తాయి. పై తీగల్లో వాయించినా, కిందికి బేస్ మీదికి దిగినా ఇబ్బంది లేదు. హల్లుల స్పష్టత ఉండేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. మాటల కింద నడిచే ప్యాడ్‌లో అక్కడ వెడల్పుగా రెండు మూడు డీబీలు తగ్గించండి. సాహిత్యం ఉన్న గొంతుని డైలాగ్ కింద ఎప్పుడూ వేయకండి. చెవి రెండు మాటల్ని ఒకేసారి పట్టుకోలేదు.

5.1 సరౌండ్ సౌండ్ చేస్తుంటే సెంటర్ స్పీకర్‌ని డైలాగ్‌కి వదిలి, సంగీతం ఎడమ కుడి స్పీకర్లలో, దాని రివర్బ్ కొంత వెనక స్పీకర్లలో ఉంచండి. బేస్‌ని ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్ (లోతైన శబ్దాలకి విడిగా ఉండేది) మీద ఆధారపడేలా పెట్టొద్దు. స్టీరియోకి కుదించినప్పుడు ఆ ఛానెల్‌ని మామూలుగా వదిలేస్తారు. థియేటర్లో గుండె దడదడలాడించిన సీన్ ఫోన్‌లో డొల్లగా వినిపించడానికి ఇదో కారణం. వెడల్పు కోసం ఫేజ్ తిప్పిన సింథ్ శబ్దాలు మోనోలో మాయమైపోతాయి, ప్రతి ముక్కనీ ఒకసారి మోనోలో వినండి.

మొత్తం శబ్దతీవ్రత సంఖ్యలు: యూరప్ టీవీ ప్రమాణం ఈబీయూ ఆర్128 ప్రకారం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్. నెట్‌ఫ్లిక్స్ డైలాగ్‌ని కొలమానంగా తీసుకుని మైనస్ 27, అటూ ఇటూ రెండు, ట్రూ పీక్ మైనస్ 2 దాటకూడదు అంటుంది. థియేటర్‌కి ఇలాంటి సంఖ్య లేదు. అక్కడ గదినే కొలుస్తారు: మైనస్ 20 డీబీ పింక్ నాయిస్ (కొలతకి వాడే హోరు)‌కి ఒక్కో ముందు స్పీకర్ నుంచి 85 డీబీ, సి వెయిటింగ్‌లో. ఇంటి గదిలో అదే 85 పెట్టుకుంటే చెవులు అలిసిపోయి అన్నీ తగ్గించేస్తారు. చిన్న గదికి 76 నుంచి 79 మధ్య పెట్టి, నాబ్ దగ్గర టేపు అంటించి, సినిమా పూర్తయ్యేదాకా కదపకండి.

మిక్స్ పూర్తయిన రోజే మూడు అదనపు ప్రింట్లు తీయించుకోండి. ఒకటి, డైలాగ్ లేని మ్యూజిక్-ఎఫెక్ట్స్ ట్రాక్. వేరే భాషలోకి డబ్బింగ్ అయితే అడుగుల చప్పుడు, బట్టల సవ్వడితో సహా ఇదే కావాలి. రెండు, మ్యూజిక్ లేని డైలాగ్-ఎఫెక్ట్స్ ట్రాక్. మూడు, మ్యూజిక్ ఒక్కటే, సినిమా లెవెల్స్‌తో. ఆరు నెలలయ్యాక అడిగితే సెషన్ మళ్లీ తెరవడానికే రెండు రోజులు పడుతుంది.

తొలిరీలు:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. తీగల బృందం కావాల్సిన చోట్లు నాలుగున్నాయి, ఉన్నది ఒక్క వయొలిన్. శాంపిల్ తీగలు (ముందే రికార్డ్ చేసిన శబ్దాలతో కీబోర్డ్ మీద వాయించేవి) ఎంత పని చేసినా ప్లాస్టిక్‌లా వినిపిస్తున్నాయి. రెండోది, మ్యూజిక్ లేని డైలాగ్-ఎఫెక్ట్స్ ట్రాక్ దేనికి?

శ్రుతిపెట్టె:

శాంపిల్ తీగలు కింద ఉంచి, వాటి పైన అదే లైనుని లైవ్ వయొలిన్‌తో వాయించండి. చెవి కదలికని లైవ్ నుంచి, నిండుతనాన్ని శాంపిల్ నుంచి తీసుకుంటుంది. లైవ్ ట్రాక్ శాంపిల్ కంటే ఒకటి రెండు డీబీలు పైనే ఉండాలి. శాంపిల్‌లో వైబ్రాటో (స్వరం వణుకు) తగ్గించండి, రెండు వైబ్రాటోలు కలిస్తే అలల్లా కొట్టుకుంటాయి.

ఒకే మనిషిని నాలుగుసార్లు వాయించి పొరలు వేస్తే బృందంలా రాదు, కోరస్ ఎఫెక్ట్‌లా వస్తుంది. అదే వాద్యం, అదే చేయి, అదే మైకు కాబట్టి. ప్రతి పొరకీ కుర్చీ జరపండి: మొదటిసారి మైకుకి మీటరు దూరం, రెండోసారి రెండు మీటర్లు పక్కగా, మూడోసారి వెనక్కి. వీలైతే ఒక పొరకి వేరే వయొలిన్ ఇవ్వండి. మూడు పొరలు చాలు.

సెషన్‌లో గంటకి నాలుగైదు నిమిషాల పూర్తి మ్యూజిక్ కంటే ఎక్కువ ఆశించకండి. నొటేషన్ మీద బార్ నంబర్లు తప్పనిసరి, లేకపోతే "ఆ రెండో చోటు నుంచి" అంటూ సగం సమయం పోతుంది. క్లిక్‌కి (లయ చూపే టిక్కులకి) మూసి ఉండే హెడ్‌ఫోన్లు వాడండి, చివరి స్వరం పడగానే క్లిక్ ఆపేయండి. స్వరం ఆరిపోతున్న నిశ్శబ్దంలో హెడ్‌ఫోన్ నుంచి కారిన టిక్కులు దొరికితే వాటిని తీయడం దాదాపు అసాధ్యం.

ఇంత చేసినా ఒక మాట ఆలోచించండి. ఆ నాలుగు చోట్ల నిజంగా బృందమే కావాలా? 1978లో జాన్ కార్పెంటర్ తన 'హాలోవీన్'కి పియానో, సింథ్‌లతో ఐదు బీట్ల తాళం మీద కట్టిన బాణీ ఇప్పటికీ వినగానే గుర్తుపడతారు. చేతిలో ఉన్న మూడు వాద్యాల గొంతే సినిమా గొంతు కావచ్చు.

హక్కుపత్రం:

డైలాగ్-ఎఫెక్ట్స్ ట్రాక్ లైవ్ ప్రదర్శనకి. తెర మీద సినిమా, ముందు మీరూ ముగ్గురు కళాకారులూ సంగీతం వాయించడం. ఫెస్టివల్స్‌లో దీనికి మంచి ఆదరణ ఉంది. దర్శకుడే స్వరకర్త అయినప్పుడు ఇంకో స్వరకర్త అనుమతితో పని లేకుండా చేయగలిగేది ఇది, హక్కులు మీ దగ్గర ఉంటేనే. దీనికి కావాల్సింది మ్యూజిక్ లేని సౌండ్, సినిమా పొడవునా క్లిక్ ట్రాక్, ప్రతి ముక్కకి ముందు రెండు బార్ల కౌంట్. కంప్యూటర్ నుంచి మొదటి రెండు ఛానెళ్లు హాలుకి, మూడోది కళాకారుల చెవుల్లోకి.

ఇక హక్కులు. ఒక ముక్కలో రెండు ఆస్తులుంటాయి: స్వరరచన, దాని రికార్డింగ్. నిర్మాతకి నిజంగా కావాల్సింది ఈ సినిమాలో, ట్రైలర్లో, ప్రచారంలో, అన్ని మాధ్యమాల్లో, అన్ని దేశాల్లో, ఎప్పటికీ వాడుకునే అనుమతి. అది లైసెన్స్‌తో తీరుతుంది, ఆస్తి బదిలీ అక్కర్లేదు. ఒప్పందంలో ఆ లైసెన్స్‌ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదని రాయండి, డిస్ట్రిబ్యూటర్ భయం పోతుంది. సౌండ్‌ట్రాక్ విడుదల, లైవ్ ప్రదర్శన, అవే బాణీల్ని వేరేచోట వాడుకోవడం మీకు ఉంచుకోండి. నిర్మాత ఖర్చుతో రికార్డింగ్ జరిగితే రికార్డింగ్‌లో వాటా ఇవ్వండి, స్వరరచన మాత్రం వదలకండి. దర్శకత్వం ఒప్పందం, సంగీతం ఒప్పందం రెండు వేర్వేరు కాగితాలుగా ఉండాలి. ఒకే కాగితమైతే, దర్శకుడిగా చేసిన పని మొత్తం సంస్థదే అన్న ఒక్క వాక్యం కింద సంగీతం కూడా కొట్టుకుపోతుంది. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, సంతకానికి ముందు లాయర్‌కి చూపించండి.

ముగ్గురు కళాకారుల దగ్గరా రికార్డింగ్ రోజే, మైకు ముందు కూర్చునే ముందే, సంతకం చేసిన అనుమతి పత్రం తీసుకోండి. వాళ్లలో ఎవరైనా బాణీలో మార్పు సూచించి అది ఉంచేస్తే వాటా ఎంతో అప్పుడే మాట్లాడుకోండి.

క్యూ షీట్ (రాయల్టీ లెక్కకి సినిమాలోని సంగీతం జాబితా) మీరే తయారు చేయాలి. ప్రతి ముక్క పేరు, సెకన్లతో సహా నిడివి, నేపథ్యంలో వచ్చిందా తెర మీద పాత్ర పాడిందా, వాద్యమా గొంతా, స్వరకర్త, రచయిత, ప్రచురణకర్త, వాటాలు కలిపి 100. రాయల్టీ సంస్థలో సభ్యత్వం సినిమా ప్రసారానికి ముందే ఉండాలి. అమెరికాలో థియేటర్ ప్రదర్శనకి స్వరకర్తకి పెర్ఫార్మెన్స్ రాయల్టీ రాదు, టీవీ, స్ట్రీమింగ్‌ల నుంచి వస్తుంది. యూరప్‌లో చాలా దేశాల్లో థియేటర్ నుంచి కూడా వస్తుంది. షీట్ లేకపోతే ఎక్కడా ఏమీ రాదు.

సౌండ్‌ట్రాక్ విషయంలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది, 40 సెకన్ల ముక్కల్ని ఉన్నవున్నట్టు విడుదల చేయడం. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క, పైగా అంత చిన్న ముక్కలో మనసు నిలవదు. ఒకే బాణీకి చెందిన మూడు నాలుగు ముక్కల్ని కలిపి రెండు నుంచి నాలుగు నిమిషాల రచనగా మళ్లీ కట్టండి. సినిమాలో డైలాగ్ కోసం తగ్గించిన లైన్లు ఇక్కడ తిరిగి చేర్చొచ్చు.

రెండోది యూట్యూబ్ కంటెంట్ ఐడీ, అంటే వీడియోల్లో నమోదైన సంగీతాన్ని గుర్తుపట్టి క్లెయిమ్ వేసే వ్యవస్థ. సౌండ్‌ట్రాక్ పంపిణీ సంస్థ మీ ట్రాకుల్ని అందులో నమోదు చేస్తుంది. మర్నాడు మీ సినిమా ట్రైలర్ మీదే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. నమోదుకి ముందే నిర్మాణ సంస్థ, ట్రైలర్ ఛానెళ్లని మినహాయింపు జాబితాలో పెట్టించండి. రెడీమేడ్ లూప్ వాడిన ట్రాకుని కంటెంట్ ఐడీలో అసలు పెట్టకండి. అదే లూప్‌ని ఇంకో వందమంది వాడి ఉంటారు, వాళ్ల వీడియోల మీద మీ క్లెయిమ్, మీ వీడియో మీద వాళ్ల క్లెయిమ్ పడతాయి. లూప్ లైసెన్సుల్లో చాలావాటికి ఇది విరుద్ధం కూడా.

కట్‌పాయింట్:

రెండు పనులూ సాగడం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కొంచెం. సత్యజిత్ రాయ్ మొదటి సినిమాలు రవిశంకర్, విలాయత్ ఖాన్, అలీ అక్బర్ ఖాన్‌ల చేత చేయించుకుని, 1961 నాటి 'తీన్ కన్యా' నుంచి తనే స్వరపరచుకున్నారు. మన దగ్గర ఎస్.వి. కృష్ణారెడ్డి 1994లో 'యమలీల', 'శుభలగ్నం' రెండింటికీ దర్శకత్వం, సంగీతం తనే చేశారు. బడ్జెట్లు వేరు, ప్రేక్షకులు వేరు. అయినా ఇద్దరూ రెండు పనుల్నీ దేనికది వృత్తిగానే చూశారు.

మీరు చేయగలిగింది: ఈ సినిమాకి, వచ్చే సినిమాకి మధ్య వేరే దర్శకుల షార్ట్ ఫిల్మ్‌లు రెండు మూడింటికి సంగీతం చేయండి. ఇంకొకరి కట్ మీద, వాళ్లు వద్దన్న ట్యూన్ తీసేసి మళ్లీ కట్టడం అలవాటైతే, మీ సొంత సినిమాలో మీ ట్యూన్‌ని మీరే తీసేయగలుగుతారు. సంగీతం షోరీల్ వేరుగా పెట్టండి, మూడు నిమిషాలు మించకుండా, ఒక్కో సీన్ 30 నుంచి 40 సెకన్లు, డైలాగ్‌తో కలిపి. డైలాగ్ కింద మీ సంగీతం ఎలా ఒదుగుతుందో వినాలనే దర్శకులు దాన్ని తెరుస్తారు.

టైటిల్స్‌లో పేరు విషయం ఒకటి. కథ, మాటలు, ఎడిటింగ్, సంగీతం, దర్శకత్వం అంటూ ఐదు కార్డుల మీద ఒకే పేరు వేయకండి. దర్శకత్వం కార్డు విడిగా, సంగీతం కార్డు విడిగా, దాని మీదే ముగ్గురు కళాకారుల పేర్లూ వాద్యాలతో సహా వేయండి.

మిక్స్‌గది:

25 ఫ్రేముల టీవీకి అమ్ముడైతే ఒకటి గుర్తుపెట్టుకోండి. 24ని 25గా నడిపితే 95 నిమిషాలు 91కి తగ్గుతాయి, శ్రుతి దాదాపు ముప్పావు స్వరస్థానం పైకి పోతుంది. కెమెరా ముందు పాడిన గొంతు సన్నబడి వేరే మనిషిలా వినిపిస్తుంది. శ్రుతి సరిచేసి ఇవ్వమని డెలివరీ కాగితంలో రాయించండి. ఆ సరిచేయడం పూర్తి మిక్స్ మీద కాకుండా స్టెమ్స్ మీద విడివిడిగా చేయించండి, రిథమ్ దెబ్బల పదును పోకుండా ఉంటుంది.